సామేలు ఆఖరి మాట

“మీరే సంపిండ్రు నా కొడుకును. గీ దండలేసెటోళ్లంత సంపినోళ్లే. ఒక్కడు గాదు, అందరు!”

మొగిలవ్వ ఆ మాట అనంగనే కోరుట్ల పొలిమేరల ఉన్న తుక్కు యార్డుల జై కొట్టుడు ఆగింది. కాలి బొగ్గయిన వ్యానుకు బంతిపూల దండ ఏసి ఉంది. దాని నెత్తిన ఫ్లెక్సీ. అండ్ల సామేలు ఫోటో, ఫోటో కింద ఎర్రక్షరాలు: ‘అమరుడు సామేలు. తెలంగాణ కోసం ఆత్మాహుతి.’

దండ ఏసిన జలపతి రెండు చేతులు జోడించిండు. కుడి అరచేతికి తెల్లకట్టు. పోరు కమిటీ కన్వీనరు ఆయన. సమ్మె ప్రచారానికి తిరిగే రెండు వ్యాన్లు ఆయనవే, కోరుట్లల ఒకటి, సిరిసిల్లల ఒకటి. మొన్న సమ్మె టెంటు కాడ కాలింది కోరుట్ల బండి. ఆ బండికి డ్రైవరు మొగిలవ్వ కొడుకు సామేలు.

“అవ్వా, నువ్వు దుఃఖంల ఉన్నవు. ఏమన్నా పడ్త. కని సామేలు ఇప్పుడు నీ ఒక్కదాని కొడుకు కాదు. తెలంగాణ కొడుకు” అన్నడు జలపతి.

“తెలంగాణకు నా కొడుకును ఇయ్యనన్ననా? జెండ వట్టుకొని పోతుంటె సద్ది గట్టిచ్చింది నేనే గద. నేనడిగేది ఒక్కటే. వాడు తనంతట తాను పోయిండా? నా అవ్వ ఏమన్న గానీ అనుకొనే పోయిండా? పొద్దుగాల ‘రాత్రికి బోటి వండే అవ్వా’ అని చెప్పి పోయినోడు, పొద్దు నడినెత్తికి రాకముందే మీద పెట్రోలు వోసుకుంటడా? మట్టి ఏసేటప్పుడు, తనంతట పాణం తీసుకున్నోడని పాస్టరయ్య ప్రార్థన నడుమల ఆపిండు. నా మొకం దిక్కు సూడలే. గిది చెప్పుండ్రి నాకు. ఇంకేమొద్దు.”

అమరుడు అని రాయడానికి అందరికీ చెయ్యి వచ్చింది. అమరుని తల్లికి జవాబు చెప్పడానికి ఒక్కనికీ నోరు రాలే.

పక్కింటి గీత మొగిలవ్వ రెక్క పట్టుకున్నది. గీత జలపతి ఇంట్ల బాసన్లు తోమి బట్టలుతికే మనిషి. వాళ్లిద్దరి ఎనుక నిలవడ్డ సుమలత చెప్పులిడిచి, కొంగు నడుముకు దోపి, వ్యాను దిక్కు నడిచింది.

సుమలతది జగిత్యాల. గల్ఫు ఏజెంట్లు ఎక్కిచ్చి మాయం చేసిన మనుషుల జాడ తీసుడు ఆమె రోజువారీ పని. డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నంక నవ్వినోళ్లు ఎక్కువ, పని ఇచ్చినోళ్లు తక్కువ. మొగిలవ్వ మాత్రం నవ్వలే. నిన్న మెట్లెక్కి వచ్చి, “నా కొడుకు ఎందుకు పోయిండో నాకు తెల్వాలె బిడ్డా” అన్నది. అంతే.

గ్యాసు కట్టరు మనిషి సిలిండరు మీద కూసోని బీడీ తాగుతున్నడు. వ్యానును ముక్కలు చెయ్యాలె. ఇన్సూరెన్సు తరఫు మనిషి సంతకం చేస్తే చాలు, మొదలువెడ్తడు. ఆ మనిషి కరీంనగర్ నుంచి వచ్చిన వినోద్. ఇస్త్రీ అంగి, నల్లద్దాలు. ఒకప్పుడు జగిత్యాలల ఒకే వకీలు కాడ ఆయన, సుమలత ఒకే బల్ల మీద కేసులు రాసిండ్రు. ఒకే గ్లాసుల చాయ సగం సగం తాగిండ్రు.

“సుమక్కా! జగిత్యాల నుంచి గింత దూరం వచ్చినవు. తుక్కు కొంటవా?”

“కొనను తమ్మీ. నువ్వు దేన్ని తుక్కు కింద అమ్ముతున్నవో చూద్దామని వచ్చిన.”

“చూసేదేముంది? పెట్రోలు క్యాను లోపటే దొరికింది. సచ్చే ముందు జలపతికి ఫోన్ చేసి ‘చావు, చావు’ అని ఒర్రిండు. జలపతి ఇంట్ల స్పీకరు మీద గీత గూడ విన్నది. అడిగిన, విన్న అన్నది. అయిపోయింది. నేను సంతకం చేస్తున్న.”

“చెయ్యి. నేను చూసినంక చెయ్యి.”

“అక్కా, ఇయ్యాల నువ్వు ఏదో ఒకటి తవ్వి ‘ఇది ఆత్మాహుతి కాదు’ అన్నవనుకో. రేపు పేపరోళ్లు ఏమంటరు? నిజంగ పాణాలిచ్చిన పిల్లలందరిని గూడ అనుమానిస్తరు. అది నీకు మంచిగనిపిస్తదా?”

సుమలత ఆగింది. ఆ మాట తగలరాని కాడ తగిలింది. ఉస్మానియా పిల్లల శవాల ఎనుక నడిచిన కాళ్లు ఆమెవి. అయినా వెనుకకు తిరగలే.

“నిజంగ పాణమిచ్చిన పిల్లల పక్కన అబద్ధం పండవెట్టద్దు వినోదూ. ఆ పిల్లలకు అంతకన్న పెద్ద అన్యాయం లేదు.”

ఆమె వ్యాను లోపటికి వంగింది.

చూడంగనే ఒక సంగతి తెలిసింది. ఈ వ్యాను ఎనుక భాగం బండి కాదు, బోను. ముందు సీట్ల ఎనుకనే మైకు సెట్టు కోసం ఇనుప చట్రం అడ్డంగ బిగించిండ్రు. ఎనుక తలుపుకు స్పీకరు డబ్బాలు ఆనిచ్చి బోల్టులు కొట్టిండ్రు. కిటికీలకు ఇనుప జాలీ, రాళ్లు వడ్తయని. ఎనుక ఉన్నోడు బయటికి రావాల్నంటే ఒక్కటే తోవ. పక్కకు జరిపే డోరు.

“సామేలు యాడ దొరికిండు?” అని అడిగింది.

“ఎనుక. డోరు కాడ” అన్నడు వినోద్. “మంట పెట్టుకున్నంక ఎవడైనా డోరు దిక్కే ఉరుకుతడు గద.”

“ఎక్కువ కాలింది ఏ దిక్కు?”

వినోద్ అద్దాలు తీసి లోపటికి వంగి చూసిండు. డాష్ బోర్డు కాడ రేకు సుత ఉబ్బి పగిలింది. ఎనుక సీటు స్ప్రింగుల మీద ఇంకా కొంచెం స్పాంజి మిగిలే ఉంది. పెట్రోలు మీద వోసుకున్నోడు ఎనుక ఉంటే, ముందు భాగం ఎందుకట్ల కాలుతది? ఎనుక సీటు కింద పెట్రోలు క్యాను ముద్దయి అంటుకున్నది. సుమలత దాన్ని స్క్రూడ్రైవరుతోని లేపింది. ముద్దల మూత కనవడ్డది. మూత బిగిచ్చే ఉంది.

“సమ్మెల ఏ బంకు ఎప్పుడు మూస్తరో తెల్వదు. ప్రతి డ్రైవరు ఒక క్యాను పెట్టుకున్నడు. మీ అంబాసిడర్ల గూడ ఉంటది వినోదూ, పోయి చూసుకో. గీ మూత తియ్యనేలేదు. మూత తియ్యకుంట పెట్రోలు ఎట్ల వోసుకున్నడో నీ రిపోర్టుల రాయి.”

కమిటీ పోరగాళ్లు మొకాలు మొకాలు చూసుకున్నరు. జలపతి కట్టు ఉన్న చెయ్యిని కండువ కిందికి గుంజుకున్నడు.

సుమలత సిరిసిల్ల నుంచి పిలిపిచ్చిన కుమార్ అంత దూరంల ఒక పాత టైరు మీద కూసోని ఉన్నడు. బండ్ల కరెంటు పని చేసెటోడు. ఈ వ్యానుకు డాష్ బోర్డుల ఫోన్ల ఛార్జింగ్ సాకెట్టు పెట్టింది ఆయననే. పెన్ను మూతంత సందున్న యూఎస్బీ సాకెట్టు. దానికి పది రకాల పిన్నుల కేబుళ్లు.

“కుమార్, ఇటు రా. ఆ సాకెట్టు ఎందుకు పెట్టిచ్చుకున్నరు?”

“బొగ్గు బాయిల సమ్మె నడుస్తుంది గద మేడం, పగటీలి కరెంటు ఉంటలేదు. మా సిరిసిల్లల బట్ట నేసే సాంచెలే నడుస్తలెవ్వు. టెంటు కాడ కూసున్నోళ్లందరి ఫోన్లు సచ్చిపోతున్నయి. అందుకని బండ్లనే ఛార్జింగ్ పెట్టుకుందమని జలపతన్న రెండు బండ్లు తెచ్చి నా కాడ నిలవెట్టిండు.”

“లైను ఏడికెల్లి గుంజినవు?”

“తాళం మీదికెల్లి. బండి చావి తిప్పితెనే సాకెట్టుకు కరెంటొస్తది. చావి ఆఫ్ చేస్తే సాకెట్టు గూడ బంద్. నడుమ ఫ్యూజు ఏసిన. పద్ధతి ప్రకారం చేసిన మేడం.”

“బండి చావి ఇగో చూడు.”

స్టీరింగు కింద కాలిన తాళపు రంధ్రంలనే చావి అతుక్కొని ఉంది. ఆఫ్ మీద ఉంది.

సుమలత డాష్ బోర్డు మసిల నుంచి ఒక తీగ ముక్కను పైకి లేపింది. సాకెట్టుకు పోయే తీగ. కొసన ఆవగింజంత రాగి గోళీ.

“ఉత్తగ మంటల్ల కాలిన తీగ సన్నవడి తెగుతది. కరెంటు పారుతుండంగ ఒకదానికొకటి తాకిన తీగకు కొసన గిట్ల గోళీ కడ్తది. చావి ఆఫ్‌ల ఉంది, తీగల కరెంటు ఉంది. గిదెట్ల కుమార్?”

“మేడం…”

“అబద్ధమాడితె నిన్ను నేను కాదు, గా ముసలామె అడుగుతది. ఆమె మొకం చూసి చెప్పు.”

కుమార్ మొగిలవ్వ దిక్కు చూసిండు. నేల మీద కూలవడ్డడు.

“డైరెక్ట్ ఇచ్చిన మేడం. ముందుగాల తాళం మీదనే ఇచ్చిన, ఒట్టు. కని బండి టెంటు కాడ నిలవడి ఉంటది, పొద్దంత చావి తిప్పి పెడ్తె ఎట్లని మల్ల తోలుకొచ్చిండ్రు. బ్యాటరీకెల్లి డైరెక్ట్ ఇయ్యమన్నరు. ఇచ్చిన. ఫ్యూజు మాత్రం ఉంచిన.”

“ఉంచినవా?” సుమలత నల్లగయిన చిన్న డబ్బీని ఆయన ముంగట పెట్టింది. ఫ్యూజు ఉండాల్సిన కాడ మెరిసే రేకు తునక అతుక్కొని ఉంది. “గిదేంది?”

కుమార్ తల దించిండు. “సిగరెట్ పెట్టెల తగరం కాగితం. ఒక్క సాకెట్టుకు టెంటంత ఫోన్లు తలిగిస్తే ఫ్యూజు మాటిమాటికి కొట్టుకపోతుండె. దినాం సిరిసిల్ల దాంక ఎవలస్తరని జలపతన్న నా ముంగటనే కాగితం సుట్టి పెట్టిండు. ‘ఇగ పోదు సూడు’ అన్నడు. నేను వద్దనాలె మేడం. నా పనే అది. నేను… నవ్విన. ఆయనతోని కలిసి నవ్విన.”

జలపతి గొంతు లేచింది. “ఏం మాట్లాడుతున్నవ్ రా? వైరింగ్ నీది, తప్పు నామీద ఏస్తవా?”

వినోద్ నడుమల వచ్చిండు. “ఆగన్నా. చూస్తివా అక్కా, నీ తవ్వకం ఏడికచ్చిందో? ఆత్మాహుతి కాకుంటే కుమార్ జైలుకు పోతడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఇప్పుడు సంతోషమా?”

“సంతోషం నా మొకంల కనవడుతుందా? వైరు మంట పెట్టింది, నిజమే. వైరు డోరు మూసిందా?”

“అంటే?”

“బండికి మంట అంటుకుంటె డోరు జరిపి బయటికి దుంకాలె. సామేలు డోరు కాడిదాంక వచ్చిండు. నువ్వే అన్నవు. డోరు ఎందుకు జరుపలే?”

ఆ ప్రశ్న వినోద్ వేసుకోలే. ‘చావు, చావు’ అని విన్నోనికి డోరు ఎందుకు గుర్తొస్తది?

సుమలత తిరిగింది. “గీతా. సామేలు ఫోన్ల ఏమన్నడు?”

గీత బెదిరి జలపతి దిక్కు చూసింది. “సారుకు చెప్పిన గద అక్కా. విన్న అని.”

“విన్నవా అని సారు అడిగిండు. నేను అడిగేది అది కాదు. ఏమని విన్నవు? సామేలు నోట వచ్చింది వచ్చినట్టు అను.”

“‘అన్నా, చావి! చావి! జల్ది అన్నా, చావి!’ అన్నడు. దగ్గుకుంట.”

యార్డుల ఎవరో “ఓర్నీ” అన్నరు.

“చావు కాదా?” అన్నడు వినోద్. ఆయన గొంతు మెత్తగయింది.

“చావు అని ఎందుకంటడు సారూ? చావి అన్నడు.”

“నీదీ సిరిసిల్లనే గద వినోదూ” అన్నది సుమలత. “మీ అవ్వ ఇంటి చావి యాడ పెడ్తుండెనో గుర్తుందా? కరీంనగర్ పోయి ‘తాళంచెవి’ అని రాసుడు నేర్చినవు. సచ్చేటోడు మాత్రం ఇంట్ల మాటనే ఒర్రుతడు. బండి చావి బండిలనే ఉంది. మరి సామేలు ఏ చావి అడిగిండు?”

ఎవరి జవాబూ వినకుంట ఆమె పక్క డోరు కాడికి పోయింది. కొంగుతోని రేకు మీది మసి మెల్లగ తుడిచింది. డోరు పట్టుకునే కాడికెల్లి పక్కనున్న ఇనుప జాలీ దాంక రంగు పోని చార ఒకటి కనవడ్డది. బొటనవేలంత వెడల్పు. నడుమ నడుమ ముడులు ముడులు. మంట అంతట రేకును కాల్చింది గని ఆ చార మీద ఏదో అడ్డం ఉండె. గొలుసు అడ్డం ఉంటె గొలుసు నీడల రంగు బతికింది.

“బయటికెల్లి గొలుసేసి తాళం ఏసిండ్రు. లోపట మనిషిని పెట్టి ఏసిండ్రు. ఎందుకన్నా జలపతన్నా?”

జలపతి కట్టున్న చెయ్యి మీదికి కండువను ఇంకింత గుంజుకున్నడు.

“గొలుసు నాకు దొరకలే. వినోద్‌కు గూడ దొరకలే. మంటలారినంక ముందుగాల వచ్చినోడు తీసిండు. కాలిన ఇనుమును ఒట్టి చేతితోని పట్టుకున్నడు. నీ కట్టు ఇప్పు అన్నా. సామేలును కాపాడవోయి కాలిందన్నవు గద పేపర్ల. గొలుసు ముడులు ఎట్లుంటయో అరచేతి మీద చూద్దం.”

“ఇప్పుతలే” అన్నడు జలపతి. మెల్లగ అన్నడు. ఇంకేం ఇప్పాల్సిన పని లేదని ఆ గొంతే చెప్పింది. కాలిన బండి అంచు మీద కూసున్నడు. మెడల ఏసుకున్న కండువతోని మొకం తుడుసుకున్నడు.

“నేను సంపలే చెల్లె. ఎవరిదో ఒక ఫోన్ పోయిందని లొల్లి అయింది. ర్యాలీకి పోయేటప్పుడు అందరి ఫోన్లు బండిల ఛార్జింగ్ పెట్టినం. కావలి సామేలును ఉండుమన్న. ఎందుకన్న మంచిదని గొలుసేసి చావి జేబుల ఏసుకొని బువ్వ తినస్తనని ఇంటికి పోయిన.”

“కావలి ఉన్నోని మీద కావలి ఎందుకు?”

ఆ జవాబు అక్కడున్న అందరికీ తెలుసు. జెండ మోసేటప్పుడు సామేలు అన్న, తమ్ముడు. ఫోన్ పోయినప్పుడు మాత్రం ఏ వాడ పోరడో గుర్తొస్తది.

“లోపట టెంటంత మంది ఫోన్లున్నయి” అన్నది సుమలత. “సామేలు ఎవరికి చెయ్యాలె? ఎవనికి చేద్దమన్నా వాని ఫోను సామేలు చేతులనే మోగుతది. బయట ఉన్నది నీ ఒక్కని ఫోను. నీకు చేసిండు. నీ జేబుల చావి ఉందని వానికి తెలుసు. మల్ల ఎందుకు పోలే?”

ఈసారి మాట్లాడింది గీత. ఏడ్పు ఆపుకుంట మాట్లాడింది.

“సారు ఎంబడే లేచిండు అక్కా, ఎంగిలి చెయ్యితోనే లేచిండు. జేబు తడుముకుంటె చావి లేదు. రాంగనే అంగి ఇడిసి కొత్తది ఏసుకున్నడు. ఇడిసిన అంగిని నేను సర్ఫునీళ్లల నానవెట్టిన. జేబులు చూడాలె గద, చూడలే. ఇల్లంత వెతికినం. చావి నా బకెట్ల అడుగున ఉండె. తీసిచ్చేవరకు…”

ఆమె ఇంక చెప్పలేకపోయింది. మొగిలవ్వ గీత చెయ్యి వదలలే. గట్టిగ పట్టుకున్నది. అది కోపమా, ఊరటా అన్నది చూసెటోళ్లకు తెలువలే.

“నేను వచ్చేసరికి అయిపోయింది” అన్నడు జలపతి. “గొలుసు తీసిన. ర్యాలీకెల్లి అందరు ఉరికొచ్చిండ్రు. ‘ఏమన్నడన్నా, ఏమన్నడు’ అని అడిగిండ్రు. నేను ‘చావి, చావి అన్నడు’ అనే అన్న. నా గొంతు పూడుకపోయింది. వాళ్లకు ‘చావు’ అని వినవడ్డది. ఎవడో ‘సామేలు అమర్ రహే’ అన్నడు. అందరు అందుకున్నరు. నేను… దిద్దలే.”

సంగతంత అదే. ఒక పోరడు చావి అడిగిండు. ఊరు చావు అని విన్నది. ఒక్కడు దిద్దితే సరిపోతుండె. ఆ ఒక్కడు దిద్దలే.

సుమలత మొగిలవ్వ ముంగట మోకాళ్ల మీద కూసున్నది.

“అవ్వా, వాడు పోతనని అనుకోలే. నిన్ను ఇడిచిపెడ్తనని అనుకోలే. తాళం తియ్యమన్నడు. బయటికొస్తనన్నడు. రాత్రికి బోటి తినడానికే ఒర్రిండు.”

మొగిలవ్వ ఏడువలే. ఫ్లెక్సీ మీద కొడుకు ఫోటో దిక్కు చూసి, “అట్లనా బిడ్డా” అన్నది. ఆ మాట సుమలతతోని అన్నదా, సామేలుతోని అన్నదా అన్నది వినోద్‌కు అర్థం కాలే. తన చేతులున్న కాయితాలను మడిచి జేబుల ఏసుకున్నడు. సంతకం చెయ్యలే. కట్టరు మనిషి దిక్కు చూసి వద్దని చెయ్యి ఊపిండు.

“గొలుసు నాకు కావాలె అన్నా” అన్నది సుమలత లేచి. “యాడ పారేసినవు? బాయిలనా, చెరువులనా?”

జలపతి తల అడ్డంగ ఊపిండు.

“నల్ల గొలుసా అక్కా?” అన్నది గీత, కండ్లు తుడుసుకుంట. “అది పారెయ్యలే. సిరిసిల్ల బండికి ఏసిండ్రు. మా ఇంటాయిన ఓదెలే గద ఆ బండికి కావలి. నిన్న ఇంటికొస్తే అంగి నిండ మసి. ‘ఆ గొలుసు ముట్టుకుంటె చాలు, చేతులు నల్లగైతున్నయి, ఎంత కడిగినా పోతలేదు’ అని తిట్టిండు. నేనే ఉతికిన అంగి.”

సుమలత కుమార్ దిక్కు తిరిగింది. రెండు బండ్లు ఒకే తీరుగ చేసింది ఆయననే. అదే సాకెట్టు. అదే డైరెక్ట్. అదే తగరం కాగితం. ఇప్పుడు అదే గొలుసు.

“జలపతన్నా, ఇయ్యాల సిరిసిల్లల ర్యాలీ ఉందా?”

“ఉంది.”

“ఫోన్లు?”

“బండిల పెట్టిండ్రు. పొద్దుగాల నేను పోయి…” ఆయన మాట ఆగింది. కట్టు లేని చెయ్యి అంగి జేబులకు పోయింది. బయటికొచ్చినప్పుడు ఆ చేతిల ఇత్తడి చావి ఉంది. చిన్నది. మూతి కాడ ఇంకా మసి.

మూడు దినాల నుంచి ఆత్మాహుతి, ఆత్మాహుతి అని చెప్పి చెప్పి ఆయనే నమ్మిండు. ఆత్మాహుతి అయితే వైరుది తప్పు కాదు. గొలుసుది తప్పు కాదు. ఇగ రెండో బండికి ఏం భయం?

“నంబరు చెప్పు గీతా!”

గీత కండ్లు మూసుకొని మొగని నంబరు అప్పజెప్పింది. సుమలత ఫోన్ నొక్కి స్పీకరు పెట్టింది. మోగింది. మల్ల మోగింది. ఎత్తిండ్రు.

“ఎవలు?” నిద్ర గొంతు.

“ఓదెలూ, నేను గీత తరఫున మాట్లాడుతున్న. యాడున్నవు?”

“బండిలనే ఉన్న. పండుకున్న. ఏంది, గీత మంచిగున్నదా?”

“మంచిగుంది. నువ్వు లే. డోరు తెరుచుకుంటదా చూడు.”

“ఎట్ల తెరుచుకుంటది? బయటికెల్లి తాళం ఉంది గద. జలపతన్న వచ్చేదాంక గింతే.” ఓదెలు ఆవులించిండు. తర్వాత దగ్గిండు. “అక్కా, ముందటికెల్లి ఏదో వాసనొస్తుంది. ఎవలన్న ప్లాస్టిక్ కాలవెడుతున్నరా ఏంది బయట?”

కుమార్ ఫోను మీదికి దుంకిండు. “ఓదెలన్నా, కేబుళ్లు గుంజు! చేతికందినన్ని గుంజి తెంపు!”

“ముందట చట్రం ఉంది గదనే, చెయ్యి పోదు. ఏమైంది? పొగొస్తుందే… ఓ తమ్మీ, పొగొస్తుంది!”

గీత ఒర్రింది. జలపతి చావిని పిడికిట్ల పట్టుకొని రోడ్డు దిక్కు రెండడుగులు ఉరికి ఆగిండు. కోరుట్ల కాడ చావి ఉంది. సిరిసిల్ల కాడ తాళం ఉంది.

సుమలత జలపతి దిక్కు చూడలే. వినోద్ అంగి కాలరు పట్టుకున్నది.

“సిరిసిల్లల టెంటు ఎదురుంగ ఎవలున్నరు నీకు?”

“మా బావమరిది… టీ కొట్టు…”

“కొట్టు ఫోను. టెంటోళ్లకు కొట్టకు, వాళ్ల ఫోన్లన్ని ఆ బండిలనే ఉన్నయి. టీ కొట్టుకు కొట్టు, సాంచెల కార్ఖానాకు కొట్టు, నీకు అప్పున్నోనికి కొట్టు, పగోనికి కొట్టు. గొలుసు తెంపుమను. గొలుసు తెగకుంటె జాలీ పీకుమను. జాలీ రాకుంటె గునపంతోని రేకు చీల్చుమను. చావి కోసం ఆగద్దని చెప్పు. చావి కోసం ఒక్కడు గూడ ఆగద్దు!”

వినోద్ బావమరిది నంబరు నొక్కి ‘గొలుసు తెంపు, జల్ది’ అని ఒర్రుతున్నడు. సుమలత కమిటీ పోరగాళ్ల దిక్కు తిరిగింది.

“మీరు గిట్ల నిలవడి చూస్తరేంది? ఎక్కుండ్రి పైకి. ఆ ఫ్లెక్సీ దింపుండ్రి. ‘ఆత్మాహుతి’ అన్న మాట చెరుపుండ్రి. ‘తాళం తియ్యమన్నడు’ అని రాయుండ్రి. ఇప్పుడే రాయుండ్రి!”